కుడి మూలన నల్లగీత

ఏప్రిల్ 17, గురువారం

నామీద వచ్చిన ఆరోపణ ఇది: నా కెమెరా వల్ల బయమ్మ చీనీచెట్లకు నీళ్ళు ఆగిపోయాయి, నా కెమెరా వల్లనే కుళ్ళాయప్ప పని ఊడింది.

ఆరోపించినవాడు కుళ్ళాయప్పే. కుందుర్పి అవతలి ఊళ్ళో పంచాయతీ నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పే మనిషి. పొద్దున నాయనకు ఫోన్ చేశాడు. నాయన చేతులకు గ్రీజు ఉన్నందున స్పీకరు పెట్టాడు.

"బుడేన్ సాబన్నా, నీ కూతురు నా నోట్లో మన్ను కొట్టినాది. బయమ్మ బొమ్మ తీసినాది, అది చూసి పైపు కోసినారు, నన్ను పనికి రావద్దనినారు. ఈడ చీనీచెట్లు ఎండుతాండాయి. ఆ పాపకు చెప్పు."

"చెప్తాలే," అన్నాడు నాయన. చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను.

ఈ పుస్తకాన్ని ఎవరూ చదవరు కనుక ఇక్కడ గెలవవలసిన అవసరం లేదు. అయినా వాదన సక్రమంగా ఉండాలి.

మొదటిది: ఆ పైపును నేను చూడలేదు.

రెండవది రేపు.

ఏప్రిల్ 18, శుక్రవారం

జరిగినదాన్ని జరిగిన వరుసలో పెడుతున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నాయన బయమ్మ బోరు చూడడానికి వెళ్ళాడు. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టి మళ్ళీ నడిపించడం ఆయన వృత్తి. కళ్యాణదుర్గం దాటినాక బుడేన్ సాబ్ అంటే తెలియని ఊరు తక్కువ. నేనూ వెంట వెళ్ళాను. పెళ్ళి ఫోటోల పని మానుకుంటూ కలీముల్లా మామ నాకిచ్చేసిన పెద్ద కెమెరా నా భుజాన ఉంది. నాయన మోటరును పైకి లాగించి, తిప్పి చూసి, "మోటరుకేం కాలేదు బయమ్మా, కింద నీళ్ళే లేవు," అన్నాడు.

"అది నాకూ తెలుసులే అన్నా. నీ నోటితో చెప్తే నమ్మకం కుదురుతాదని పిలిపించినా," అని నవ్వింది బయమ్మ.

ఆమెకు యాభై దాటాయి. ఒంటరి మనిషి. ముప్పయ్యొక్క చీనీచెట్లు, పుస్తకాల్లో బత్తాయి అనేవి, ఏడేళ్ళవి. బోరు ఎండింది, చెట్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. ప్రతిదానికీ కారణం అడిగే నేను ఆ రోజు దానికి కారణం అడగలేదు. ఆమె కోసి ఇచ్చిన కాయలు రెండు తిన్నాను.

ఫోటోకు నిలబడేటప్పుడు ఆమె ఒక్కటే కోరింది. "ఆ రాళ్ళకుప్ప పక్క మాత్రం తిప్పొద్దు పాపా."

తిప్పనని చెప్పాను. తిప్పలేదు. ఇది ముఖ్యం. నేను బిగించుకున్న లెన్సు వెడల్పైనది. మనం తిప్పని పక్కను సైతం అంచుల్లో ఇముడ్చుకుంటుంది. అది గాజు స్వభావం. నా సంకల్పం కాదు.

బొమ్మలో బయమ్మ చంకన బిందెతో నిలబడి ఉంది. వెనుక ఊరి నీళ్ళ ట్యాంకు, దాని వెనుక ఏమీ లేని ఆకాశం. జిల్లా స్థాయి పోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. ఆరడుగుల వెడల్పున అచ్చువేసి అనంతపురంలో ఒక హాలులో గోడకు పెట్టారు. తమ ఊరి బొమ్మకు బహుమతి వచ్చిందని ఆ ఊరి సర్పంచి సురేంద్ర పదిమందిని వెంటబెట్టుకుని చూడడానికి వచ్చాడు. దగ్గరగా నిలబడి చూశాడు. కుడి మూలన, రాళ్ళ సందుల్లో, ఒక నల్లగీత. వాల్వు గుంత దగ్గర మొదలై బయమ్మ కంచెలోకి వెళుతోంది. తాగునీటి ట్యాంకు నుంచి దొంగతనంగా లాగిన సన్నని డ్రిప్పు పైపు.

ఆ బొమ్మను ఫోనులో వెయ్యిమంది చూశారు. ఒక్కరికీ కనిపించలేదు. ఆరడుగులు చేసినా చెదరని కెమెరాతో తీసినందువల్లనే కనిపించింది. అంటే నేరం నాణ్యతది.

ఈ వాక్యం బాగుంది. ఎక్కడైనా వాడవచ్చు.

ఏప్రిల్ 19, శనివారం

తిన్నాను. చదివాను. నిద్రపోయాను. చెట్లు కలలోకి రాలేదు.

ఏప్రిల్ 21, సోమవారం

యూనివర్సిటీలో ఇరవై ఎనిమిదిన డిబేటు. అంశం నోటీసు బోర్డుమీద అంటించారు: "వృత్తి స్థాయి డిజిటల్ కెమెరాను సొంతం చేసుకొనుట లాభమా, నష్టమా?" నా బహుమతి వార్త చూసి ఎవరో ప్రొఫెసరు సరదాపడి పెట్టిన అంశమట. చీటీ తీసింది అభిలాష్. మూడేళ్ళుగా ప్రతి వేదికమీదా నాకు ఎదురుగా నిలబడి ఓడిపోతున్నవాడు. అతనికి నష్టం వచ్చింది, నాకు లాభం.

"ఏం తల్లీ, నీ మెడలో ఏలాడే దానికి నువ్వే వకీలువా?" అన్నాడు.

"నీకంటే మంచి వకీలే దొరికింది దానికి."

"ఫీజు మాత్రం ముందే తీసుకో. కేసు కొంచెం వంకరగా ఉండాది."

పైపు సంగతి క్యాంపస్ అంతటా తెలిసిపోయిందన్నమాట.

లాభం పక్షాన రాసుకున్నవి: మసక వెలుతురులోనూ మనిషి ముఖాన్ని నమ్మకంగా పట్టుకుంటుంది. బొమ్మను గోడంత చేసినా నిలుస్తుంది. ఫోనులాగా తనంతట తాను చర్మాన్ని నున్నగా చేయదు, ఆకాశానికి నీలం పూయదు. అందిన వెలుతురునంతా అట్లే దాచి, దానితో ఏం చేయాలో మనకు వదిలేస్తుంది. నిర్ణయం యంత్రానిది కాదు, మనిషిది.

చివరి వాక్యం కొట్టేశాను. మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశాను.

నష్టం పక్షాన అభిలాష్ చెప్పబోయేవి నాకు ముందే తెలుసు. బరువు అంటాడు. దుమ్ము అంటాడు; అది నిజమే, విడపనకల్లు దగ్గర గాలిమరల కింద ఒక్కసారి లెన్సు మార్చినందుకు నెలరోజులు నా ప్రతి ఆకాశంలోనూ మచ్చలు. అతనికి తెలియనిది ఇంకొకటుంది. ఆ కెమెరాను చూడగానే జనం నన్ను పేపరు మనిషి అనుకుంటారు. పింఛను ఆగిన ముసలివాళ్ళు ఆధార్ కార్డులు తెచ్చి చేతిలో పెడతారు. అర్జీలు చదివి వినిపిస్తారు. ఫోను తీసినవాళ్ళనుంచి ఎవరూ ఏమీ ఆశించరు.

వాళ్ళు చేతిలో పెట్టిన కార్డులతో నేనేం చేశాను? కార్డు పట్టుకున్న చేతులను ఫోటో తీశాను. వేళ్ళ ముడతలు చాలా బాగా వచ్చాయి.

ఏప్రిల్ 24, గురువారం

నాయన "పోదాం పా" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. కళ్యాణదుర్గంలో బస్సు మారాం.

బయమ్మ ఒక్కొక్క చెట్టు మొదట్లో చెంబుడు నీళ్ళు పోస్తోంది. ముప్పయ్యొక్క చెట్లకు రెండు బిందెలు. ఆకులు లోపలికి ముడుచుకున్నాయి. కాయలు వేలాడుతూనే వడలిపోయాయి. కుళ్ళాయప్ప గట్టుమీద కూర్చుని ఉన్నాడు.

"వచ్చినావా? ఈసారి నన్ను తీయి. పని లేనోడు ఎట్లుంటాడో నీ కెమెరాలో బాగా పడ్తాది."

"ఊరుకో కుళ్ళాయప్పా. ఇంటికొచ్చిన పిల్ల," అన్నది బయమ్మ.

"ఇంటికొచ్చే కదా ఇంత చేసినాది."

ఊరికి నాలుగు రోజులకొకసారి నీళ్ళు. కుళ్ళాయప్ప చెప్పినదాని ప్రకారం, ఊరంతటికీ వదలడం పూర్తయ్యాక అతను బయమ్మ వైపు వాల్వును పావు తిప్పు తిప్పి అరగంట వదిలేవాడు. అంతకుమించి కాదు. "ఇంగ వానలు పడేవరకే అన్నా. జూన్ దాటితే పైపు నేనే పీకేస్తాంటి," అన్నాడు నాయనతో.

చట్టప్రకారం ఆ నీళ్ళు ఊరివి. తాగునీటిని తోటకు మళ్ళించడం నేరం. ఈ వాదన బలమైనది. రెండు రోజులుగా సిద్ధం చేసుకున్నది. దాన్ని చెప్పడానికి బదులు బయమ్మ పోసే చెంబులు లెక్కపెట్టాను.

బయమ్మ చెంబు కింద పెట్టి, "నా బొమ్మకు ప్రైజు వచ్చినాదంట కదా. నాకు చూపించనే లేదు," అన్నది.

అది నిజం. ఎవరూ చూపించలేదు. ఫోనులో తెరిచి ఇచ్చాను. పెద్దది చేయడం నేర్పించాను. ఆమె తన ముఖం చూసుకుంది. తర్వాత కాళ్ళు చూసుకుంది. "నా మడిమలు ఇంత పగిలినాయా? నాకే తెలీదే." తర్వాత వేలితో మెల్లగా కుడి మూలకు జరిపింది. అక్కడ ఆగింది.

"రాళ్ళకుప్ప పక్క తిప్పొద్దంటి కదా పాపా."

"నేను తిప్పలేదు."

ఆమె ఫోను నా చేతికిచ్చేసింది. "అవును. తిప్పలేదు," అన్నది. మళ్ళీ చెంబు తీసుకుంది.

సర్పంచి సురేంద్ర బండిమీద పోతూ ఆగాడు. నాయనకు సలాం చెప్పాడు. నావైపు తిరిగి, "నాకేం సంబరమా పాపా? ఒక్కన్నే చూసింటే మింగేస్తాంటి. పదిమందితో పోయి చూస్తి, ఇంగ చూడనట్ల ఉండేకి అయితాదా?" అన్నాడు. మూడో తేదీ గ్రామసభ. కుళ్ళాయప్పను ఉంచాలా తీసేయాలా, బయమ్మకు వానలు పడేవరకు ఆ అరగంట నీళ్ళు ఇవ్వాలా వద్దా, రెండూ అక్కడే తేలుస్తారట.

"అప్పటికి చెట్లుంటాయా?" అని నాయన అడిగాడు.

"సగముంటాయి," అన్నది బయమ్మ, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినట్లుగా.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఆ పైపును నేను ఆ రోజు చూడలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

గెలిచాను.

కెమెరా సాక్షి మాత్రమేనని, సాక్షిని ముద్దాయి బోనులోకి ఎక్కించే న్యాయస్థానం లోకంలో ఎక్కడా లేదని అన్నాను. నాణ్యతను నేరంగా చిత్రించడం చూపు మసకబారినవాళ్ళ తత్వమని అన్నాను. "నేరం నాణ్యతదా?" అని మూడుసార్లు అడిగాను; మూడోసారి హాలంతా "కాదు" అన్నది. నా గొంతు నాకు పక్క గదిలోంచి వినిపించినట్లుంది. చప్పట్లు ఎంతసేపు కొట్టారో గుర్తులేదు.

క్యాంటీనులో అభిలాష్ రెండు టీలు తెచ్చి ఒకటి నా ముందర పెట్టాడు.

"బాగా మాట్లాడినావు. ఒకటే అడుగుతా. సాక్షి సరే. ఆ సాక్షి చెప్పింది మొదట విన్నదెవరు?"

"అర్థం కాలేదు."

"ప్రింటుకు ఇయ్యకముందు కంప్యూటర్లో వేసి దిద్దింటావు కదా. అప్పుడు కనపడలేదా నీకు?"

"అది అంశానికి సంబంధించినది కాదు," అన్నాను.

"అవునవును. కాదు," అని టీ ఊదుకుంటూ తాగాడు. ఎగతాళి చేయలేదు. చేసి ఉంటే జవాబు చెప్పేదాన్ని.

ఏప్రిల్ 29, మంగళవారం

బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేరు మనం చేసిన ప్రతి మార్పునూ వరుసగా నమోదు చేసి ఉంచుతుంది. వృత్తి స్థాయి పరికరాలతో వచ్చే లాభాల్లో ఇదొకటి. నిన్న వేదికమీద దీన్ని చెప్పడం మరిచాను. మరవలేదు, చెప్పలేదు.

ఇవాళ తెరిచాను. ఫిబ్రవరి 26, సాయంత్రం.

వెలుతురు కొంచెం పెంపు. ముఖం మీద నీడ తగ్గింపు. కత్తిరింపు, కుడివైపు. కత్తిరింపు రద్దు. మళ్ళీ కత్తిరింపు. మళ్ళీ రద్దు. ఆ తర్వాత, కుడి మూలన నలుపు పెంపు.

చివరిది చేసినట్లు గుర్తులేదు అని రాయబోయాను. గుర్తుంది.

నాలుగింతలు పెద్దది చేసి చూశాను. పైపు కనిపించింది. రాళ్ళకుప్ప పక్క ఎందుకు తిప్పొద్దన్నదో అప్పుడే తెలిసింది. బోరు ఎండినా చెట్లు ఎందుకు పచ్చగా ఉన్నాయో కూడా తెలిసింది. కుడివైపు కత్తిరించాను. కత్తిరిస్తే బొమ్మ చచ్చిపోయింది; బిందె పట్టుకున్న ఒక ఆడమనిషి, అంతే. అట్లాంటివి వేలు ఉన్నాయి. ఆ నల్లగీత ఉంటే చూపు మూలనుంచి మొదలై రాళ్ళమీదుగా పాకి సరిగ్గా ఆమె పాదాల దగ్గరకు చేరుతుంది. కనుక తిరిగి పెట్టాను. సరిగా కనిపించడం లేదని మరింత నల్లగా చేశాను.

ఎవరు చూస్తారులే అనుకున్నానా? అదీ కాదు. ఎవరో ఒకరు చూస్తారని ఆలోచించలేదు. గీత బాగుందని మాత్రమే ఆలోచించాను.

ఇది రాసినాక ఏదో ఒకటి జరగాలనిపించింది. ఏమీ జరగలేదు. అమ్మ అన్నానికి పిలిచింది. వెళ్ళి తిన్నాను.

మే 1, గురువారం

షెడ్డులో నాయన మోటరుకు రాగితీగ చుడుతున్నాడు. "నాయనా, ఒక మాట," అన్నాను. చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. చుట్ల లెక్క మధ్యలో మాట్లాడితే లెక్క తప్పుతుంది, తప్పితే మొత్తం విప్పి మళ్ళీ చుట్టాలి. పెదవులు కదులుతూనే ఉన్నాయి. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఎంతసేపో. ఆఖరి చుట్టు బిగించి, తీగ తెంపి, "ఊ, చెప్పు," అన్నాడు.

చెప్పాను.

"చూసినావా?"

"చూశాను."

"చూసీ పెట్టినావా?"

"పెట్టాను."

ఆయన రాగితీగ చుట్టను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ముప్పై ఏండ్లుగా ఆ యమ్మ ఇంట్లో నీళ్ళు తాగుతాండా నేను," అన్నాడు. తర్వాతి తీగచుట్ట మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

మే 3, శనివారం

తిరుగు బస్సులో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. ఏమీ తేలలేదు, నిర్ణయం సోమవారానికి వాయిదా వేశారు. తొమ్మిది చెట్లు పోయాయి. ఇరవై రెండు ఇంకా పట్టుకుని ఉన్నాయి. సోమవారం దాటితే అవీ కష్టమని నాయన అంటున్నాడు.

ఇవాళ కెమెరా తీసుకుపోలేదు. బస్సు దిగి వీధిలో నడుస్తుంటే నీళ్ళు వచ్చే రోజు కావడంతో ఇంటింటి దగ్గరా సన్నగా గురగురమని మోత వినిపిస్తోంది. ప్రతి కుళాయి పక్కనా ఒక గోనెసంచి కప్పి ఉంది. ఒకచోట సంచి తొలగి ఉంటే చూశాను. కుళాయి గొట్టానికి నేరుగా బిగించిన చిన్న మోటరు. నీళ్ళను ముందుగా లాగేసుకోవడానికి.

"ఏం చూస్తాండావు? ఈ ఊళ్ళో అన్నీ నేను చుట్టినవే," అన్నాడు నాయన.

"అందరూ ఇట్లా లాగితే చివరి ఇళ్ళకు?"

"రావు."

బయమ్మది చివరి ఇల్లు.

పంచాయతీ ఆఫీసు కనిపించినాక నాయన ఆగాడు. "చెప్పాలనుకుంటే ముందు నీది చెప్పు. మళ్ళ వాళ్ళది. నా గిరాకీ సంగతి నేను చూసుకుంటా."

షామియానా కింద డెబ్బై ఎనభైమంది ఉన్నారు. నేను లేచేసరికి వెనుకనుంచి ఎవరో, "ఈ యమ్మ మన ఊరి మనిషా? ఓటుందా ఈడ?" అన్నారు. తిప్పయ్య అనే ముసలాయన చేతికర్ర ఎత్తి, "ఓటు లేకుంటే ఏమప్పా, మన ఊరి బొమ్మతో ప్రైజు తీసుకునింది కదా, మాట్లాడనీ," అన్నాడు. నవ్వులు. సురేంద్ర మైకు నా చేతికిచ్చాడు. బయమ్మ ఆడవాళ్ళ వరుసలో ఆఖరున కూర్చుని ఉంది. నావైపు చూడలేదు.

అన్నమాటలు అన్నట్లే రాస్తున్నాను. ఒక్క మాటనూ దిద్దకుండా.

"నా పేరు ఆరీఫా. బుడేన్ సాబ్ కూతురిని. ఈ ఊరి పైపు నా బొమ్మలో పొరపాటున పడిందని మీరందరూ అనుకుంటున్నారు. పొరపాటు కాదు. అచ్చుకు పంపకముందే నేను దాన్ని చూశాను. ఆ పక్క తిప్పొద్దని బయమ్మ నన్ను అడిగింది, నేను సరేనన్నాను. బొమ్మ బాగుంటుందని ఉంచాను. ఇంకా బాగా కనపడేటట్లు నల్లగా చేశాను. ఆమె నాకు పెట్టింది చీనీకాయలు. నేను ఆమెకు చేసింది ఇది. మీ తీర్మానంలో కుళ్ళాయప్ప పేరు రాసేముందు నా పేరు రాయండి. ఆ బహుమతిని వెనక్కి ఇచ్చేస్తున్నాను. దానివల్ల ఒక్క చెట్టూ చిగురించదని నాకు తెలుసు."

కుళ్ళాయప్ప తల ఎత్తాడు.

"నేను ఇంకొకటి చూశాను. ఇది కెమెరాతో చూసింది కాదు, ఇవాళ మీ వీధిలో నడుస్తూ చూసింది. గోనెసంచుల కింద ఏమున్నాయో మీకు తెలుసు. వాటిని చుట్టిన మనిషి ఇక్కడే కూర్చున్నాడు, ఆయన నా తండ్రి. ఎవరి ఇంట్లో ఉంది, ఎవరి ఇంట్లో లేదు అని నేను చెప్పను. ఫోటో తీయలేదు, తీయను. ఊరినీళ్ళు దొంగిలించినందుకు బయమ్మ చెట్లు ఎండాలని ఈ సభ అంటే, అది న్యాయమే కావచ్చు. కాని ఆ న్యాయం చెప్పే నోరు ఎవరిదో నాకు వినిపించాలి. గుంపుగా చేతులెత్తడం వద్దు. మీలో కుళాయికి మోటరు బిగించని ఇల్లు ఏదైనా ఉంటే, ఆ ఇంటి మనిషి ఒక్కరు లేవండి. లేచి, మీ పేరు చెప్పి, అదిగో అక్కడ కూర్చున్న బయమ్మ ముఖం చూస్తూ, ఆ ఇరవై రెండు చెట్లకు అరగంట నీళ్ళు వద్దని మీ నోటితో చెప్పండి. లేవండి. నేను నిలబడే ఉంటాను."